మీరు పక్కన ఉండని రోజు కోసం

మీ వర్క్‌షాప్‌లో ఒక కుర్రాడు ఉంటాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. ఉలి పట్టిన తీరు చూస్తేనే ముచ్చటేస్తుంది. ఈసారి వడ్రంగం పోటీకి వీణ్నే పంపాలని మీరు ఎప్పుడో అనుకున్నారు, పంపారు కూడా. తీరా అక్కడ డ్రాయింగ్ చేతికిచ్చేసరికి అతనికి కాళ్లూ చేతులూ ఆడలేదు. మూడు గంటల్లో ముగించే పని ఐదు గంటలైనా తెమల్లేదు. తిరిగొచ్చాక అడిగితే, “ఏమైందో తెలీదు సార్, కంగారుపడ్డా” అన్నాడు.

నిజంగా కంగారే కారణమా?

వర్క్‌షాప్‌లో రోజూ జరిగేది ఒక్కసారి గుర్తుచేసుకోండి. అతను గీత గీసి మీ వైపు చూస్తాడు. మీరు తలూపితేనే రంపం అందుకుంటాడు. సగం కోశాక మళ్లీ చూస్తాడు. “కొంచెం ఇటు వంచు” అంటారు మీరు. జాయింట్ బిగించాక “సరిపోయిందా సార్?” అని అడుగుతాడు. మీరు ఓ చూపు చూసి “ఆ, బానే ఉంది” అంటారు. అంటే ఆ పనిలో చేతులు అతనివి, కళ్లు మీవి. పోటీకి చేతులు వెళ్లాయి, కళ్లు ఇక్కడే ఉండిపోయాయి.

జిల్లా, రాష్ట్ర స్థాయిల నుంచి ఇండియా స్కిల్స్ జాతీయ పోటీ దాకా, అక్కణ్నుంచి వరల్డ్ స్కిల్స్ అంతర్జాతీయ పోటీ దాకా ఎక్కడైనా పోటీదారు తన బెంచ్ దగ్గర ఒంటరిగానే పని చేయాలి. పక్కన నిలబడి సలహాలివ్వడం మీకు కుదరదు. అందుకే తయారీ అంతటికీ లక్ష్యం ఒక్కటే: మీరు చేసే తనిఖీని అతను తనంతట తాను చేసుకోగలగాలి. అది ఎలాగో మెట్టు మెట్టుగా చూద్దాం.

1. మొదటి రోజు మార్కుల పత్రం చదివించండి

చాలామంది నేరుగా కర్రతో మొదలుపెడతారు. మీరు కాగితంతో మొదలుపెట్టండి. పాత పోటీల డ్రాయింగులు, మార్కుల పత్రాలు సంపాదించి విద్యార్థి ముందు పెట్టండి. ఏ కొలతకు ఎన్ని మార్కులు, ఏ జాయింట్‌కు ఎన్ని, డ్రాయింగ్‌కు ఎన్ని, ఫినిషింగ్‌కు ఎన్ని అన్నది అతని చేతనే లెక్క వేయించండి.

వరల్డ్ స్కిల్స్ పద్ధతిలో మొత్తం 100 మార్కులు. అవి రెండు రకాలుగా పడతాయి. ఒకటి కొలత: స్కేలు, మూలమట్టం పెట్టి చూస్తారు, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. రెండోది తీర్పు: ముగ్గురు న్యాయనిర్ణేతలు పని నాణ్యత చూసి 0 నుంచి 3 దాకా అంకెలు వేస్తారు. పరిశ్రమలో చెల్లని పనికి 0, చెల్లుబాటయ్యే పనికి 1, కొన్ని అంశాల్లో దాన్ని మించితే 2, అద్భుతంగా ఉంటే 3.

ఇది తెలిసిన విద్యార్థికి ఏం లాభం? సమయం ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పైభాగాన్ని శాండ్‌పేపర్‌తో అరగంట మెరిపించే కుర్రాడు, ఆ అరగంటలో నాలుగు కొలతలు సరిచూసుకుని ఉంటే ఎక్కువ మార్కులు వచ్చేవని గ్రహిస్తాడు.

ఆ రోజు నుంచి ప్రతి ప్రాక్టీస్ పనికీ ముందు అతనే మార్కులు వేసుకోవాలి. తర్వాత మీరు వేయండి. రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టండి. మొదట్లో అతను తనకు 80 వేసుకుంటాడు, మీరు 55 వేస్తారు. ఆ తేడా తగ్గుతూ వస్తోందంటే అతని కన్ను పదునెక్కుతోందని అర్థం.

2. ఎవరిని పంపాలి?

క్లాసులో అందరికంటే వేగంగా పని చేసేవాణ్నా? అందరికంటే అందంగా చేసేవాణ్నా? తప్పు చూపిస్తే మొహం మాడ్చుకోకుండా, “ఎక్కడ సార్?” అని దగ్గరికొచ్చి చూసేవాణ్ని ఎంచుకోండి. వేగం నేర్పగలం. ఆ గుణం నేర్పడం చాలా కష్టం.

సాధారణంగా మీ దగ్గరికి రెండు రకాల పిల్లలు వస్తారు. ఒకరు వడ్రంగుల ఇంటి బిడ్డ. చిన్నప్పటి నుంచీ నాన్న పక్కన కూర్చుని ద్వారబంధాలు, తలుపులు చేసిన చెయ్యి. పనిముట్టు చేతిలో ఒదుగుతుంది. కానీ కంటి కొలత మీద నమ్మకం ఎక్కువ, డ్రాయింగ్ చూస్తే బెరుకు. ఇంట్లో లెక్క అంగుళాల్లో, నూళ్లలో ఉంటుంది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3 మిల్లీమీటర్ల పైనే. పోటీలో మార్కులు ఒక మిల్లీమీటరు దగ్గరే పోతాయి. ఇతనికి స్టీల్ స్కేలు, డ్రాయింగ్ బోర్డు అలవాటు చేయాలి.

రెండో రకం, పదో తరగతి అయ్యాక ఐటీఐలో చేరి మొదటిసారి ఉలి పట్టిన అమ్మాయో అబ్బాయో. డ్రాయింగ్ చక్కగా చదువుతారు, చెయ్యి మాత్రం ఇంకా తిరగలేదు. వీళ్లకు రంపం, చిత్రిక మీద గంటలు కావాలి. ఇద్దరికీ ఒకే టైమ్‌టేబుల్ వేస్తే ఇద్దరూ నష్టపోతారు.

ఇంకో మాట. వరల్డ్ స్కిల్స్‌లో చాలా విభాగాలకు వయసు పరిమితి 22 ఏళ్లు. పుట్టినతేదీ గడువు నోటిఫికేషన్‌లో చూసి, ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేయించండి. అలాగే కార్పెంట్రీ, జాయినరీ, క్యాబినెట్ మేకింగ్ మూడూ అక్కడ వేర్వేరు విభాగాలు. కార్పెంట్రీలో కప్పులు, ఫ్రేములు, వాలు కోతలు ఎక్కువ. జాయినరీలో తలుపులు, కిటికీల తరహా జాయింట్లు. క్యాబినెట్ మేకింగ్‌లో సొరుగులు, ఫర్నిచర్. మీ విద్యార్థి చెయ్యి ఎటు మొగ్గుతుందో చూసి పేరు ఇవ్వండి.

3. రోజు మొదలయ్యేది సానరాయి దగ్గర

మొద్దుబారిన ఉలితో మంచి జాయింట్ చేయగలరా? టేకులో ఎలాగోలా నెట్టుకు రావచ్చు. పోటీల్లో తరచూ ఇచ్చే పైన్ లాంటి మెత్తని కర్రలో కుదరదు. అక్కడ మొద్దు ఉలి కర్ర కొనను కోయదు, నలుపుతుంది. పోగులు చితికి, గుంటలు పడతాయి. టేకు మీదే చెయ్యి తిరిగిన పిల్లలు పైన్ చూసి “మెత్తదే కదా” అనుకుని దెబ్బతినేది ఇక్కడే. ప్యాకింగ్ పెట్టెల నుంచి వచ్చే పైన్ చెక్క చవగ్గా దొరుకుతుంది. ప్రాక్టీస్‌కు అదే తెప్పించండి.

సాన పట్టే పద్ధతి స్థిరపరచండి. ఉలిని గ్రైండర్ మీద 25 డిగ్రీలకు, రాయి మీద 30 డిగ్రీలకు. ముందుగా ఉలి వెనక భాగం కొన దగ్గర చదునుగా అయ్యేదాకా రాయి మీద రుద్దించాలి. చాలామంది వదిలేసేది దీన్నే. వెనక చదునుగా లేని ఉలి ఎంత నూరినా సూటిగా దిగదు.

పరీక్ష కూడా విద్యార్థే చేసుకోవాలి. పైన్ ముక్క కొన మీద ఉలితో పలుచగా తీయమనండి. కోసిన చోటు నున్నగా మెరిస్తే పదును ఉన్నట్టు. తెల్లగా, పొడిపొడిగా ఉంటే మళ్లీ రాయి దగ్గరికి. మీరు “నూరు” అని చెప్పే దాకా ఆగకుండా తనే లేచి వెళ్లిన రోజున, ఒక మెట్టు ఎక్కాడని లెక్క.

4. పని తప్పేది కోతలో కాదు, గీతలో

జాయింట్ వదులైతే రంపాన్ని తిడతాం. తప్పు చాలాసార్లు అంతకు ముందే, గీత గీసేటప్పుడే జరిగిపోయి ఉంటుంది. అందుకే ఈ నాలుగు అలవాట్లు వేళ్లకు పట్టేదాకా చేయించండి.

ఒకటి, చిత్రిక పట్టగానే ఫేస్ సైడ్, ఫేస్ ఎడ్జ్ గుర్తులు పెట్టాలి. మూలమట్టం, మార్కింగ్ గేజ్ ఎప్పుడూ ఆ రెండు ముఖాల మీదే ఆనాలి. ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి గీస్తే కర్ర మందంలో ఉన్న తేడా అంతా జాయింట్‌లోకి చేరుతుంది.

రెండు, ఒకే కొలత ఉన్న ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి బిగించి, ఒకేసారి అడ్డంగా గీయాలి. నాలుగు కాళ్లను నాలుగుసార్లు కొలిచేవాడికి నాలుగు రకాల కాళ్లు వస్తాయి.

మూడు, కోయాల్సిన భుజం గీతను పెన్సిల్‌తో వదిలేయకుండా కత్తితో గీయాలి. కత్తి గీతకు మందం ఉండదు. ఉలి మొన నేరుగా అందులో కూర్చుంటుంది.

నాలుగు, తీసేయాల్సిన వైపు అడ్డంగా ఇంటూ గుర్తు వేయాలి. రంపం కోతకూ మందం ఉంటుంది, ఒక మిల్లీమీటరు పైన. ఆ కోత ఇంటూ గుర్తు ఉన్న వైపు పడాలి, గీత మిగలాలి. గుర్తు పెట్టకుండా కోసి, వేరే వైపు ముక్క పారేసిన విద్యార్థి మొహం మీరు చూసే ఉంటారు.

గీతలన్నీ అయ్యాక, రంపం పట్టకముందు, చేతులు కట్టుకుని ఒక్క నిమిషం డ్రాయింగ్‌నూ కర్రనూ మార్చి మార్చి చూడమనండి. ఈ ఒక్క నిమిషం నియమం గంటల పనిని కాపాడుతుంది. మీ వైపు చూసే అలవాటు స్థానంలోకి రావాల్సింది ఇదే.

5. అసలు సైజు డ్రాయింగ్ మీద భయం పోగొట్టండి

కార్పెంట్రీ పోటీలో పెద్ద గండం కప్పు పని. ప్లైవుడ్ షీట్ మీద అసలు సైజులో డ్రాయింగ్ వేసి, దాని నుంచి వాసాల నిజమైన పొడవులు, కోత కోణాలు రాబట్టాలి. పిల్లలు ఇక్కడే బిక్కమొహం వేస్తారు. సూత్రాలు బట్టీ పట్టించకండి. ఒక్క లెక్క చేతితో చేయించండి.

చతురస్రపు ప్లాను అనుకోండి. అంచు నుంచి మధ్యకు అడ్డంగా దూరం 400 మిల్లీమీటర్లు, ఎత్తు 300. కర్ర మందం పక్కనపెట్టి గీతల వరకే చూస్తే మామూలు వాసం పొడవు 500 వస్తుంది. మరి మూలవాసం? అది కూడా అదే 300 ఎత్తుకు ఎక్కుతుంది. కానీ మూల నుంచి ఐమూలగా బయల్దేరుతుంది కాబట్టి అడ్డదూరం 400 కాదు, దాదాపు 566. అందుకే దాని పొడవు 640 అవుతుంది. వాలు కూడా మారుతుంది. మామూలు వాసం 37 డిగ్రీల దగ్గర ఉంటే, మూలవాసం 28 డిగ్రీల దగ్గర ఉంటుంది.

విద్యార్థి చేసే తప్పు ఎక్కడో కనిపించిందా? మామూలు వాసం కోణాన్నే మూలవాసానికీ పెట్టి కోసేస్తాడు. ముక్క పైన ఆనదు, సందు తెరుచుకుంటుంది. ఇది మాటల్లో చెబితే ఎక్కదు. ముందు మందపాటి అట్టతో ఈ కప్పు నమూనా చేయించండి. అట్ట ముక్కను ఐమూలగా నిలబెట్టి చూసిన వెంటనే “ఓహో, పొడుగు అందుకా సార్!” అంటారు. వీలైతే మీ ఊళ్లో పాత పెంకుటింటికో, గోదావరి జిల్లాల్లో ఉంటే మండువా ఇంటికో తీసుకెళ్లండి. కప్పు వాలులు కలిసే మూలన వాసాలు ఎలా కోశారో, ఎక్కడ ఎలా ఆనాయో కింద నిలబడి చూపించండి. కళ్లతో చూసిన కోణం మరిచిపోరు.

డ్రాయింగ్ అయ్యాక కోయడానికి ముందు ప్రతి వాసాన్నీ ప్లైవుడ్ మీది గీత పక్కన పడుకోబెట్టి సరిచూడటం నియమంగా పెట్టండి.

6. జాయింట్లను ఒక వరసలో నేర్పండి

హాఫ్ ల్యాప్‌తో మొదలుపెట్టి బ్రిడిల్, ఆ తర్వాత మోర్టైజ్ టెనన్, చివరికి డవ్‌టెయిల్. ఒకటి కుదిరాకే ఇంకొకటి. “కుదరడం” అంటే ఏమిటో కూడా కచ్చితంగా చెప్పండి: వరసగా మూడు జాయింట్లు, మీ సాయం లేకుండా, చేతి ఒత్తిడితో లోపలికి వెళ్లాలి, విడిచిపెడితే జారిపోకూడదు, భుజం దగ్గర సందులో పలుచని కాగితం దూరకూడదు.

రెండు మూడు కొలతలు నోటికి రావాలి. టెనన్ మందం కర్ర మందంలో మూడో వంతు. మోర్టైజ్ గేజ్ రెండు ముళ్లను టెనన్ దూరే బెజ్జం తీసే ఉలి వెడల్పుకే సరిపెట్టాలి. డవ్‌టెయిల్ వాలు మెత్తని కర్రకు 1:6, గట్టి కర్రకు 1:8.

ఒక జాయింట్ దగ్గరగా చూద్దాం. టెనన్ బెజ్జంలోకి దిగింది, కానీ భుజం దగ్గర వెంట్రుకవాసి సందు. విద్యార్థి ఏం చేస్తాడు? సుత్తితో ఇంకో దెబ్బ వేస్తాడు. మూయకపోతే క్లాంప్ బిగిస్తాడు. అప్పటికీ మూయకపోతే రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి నింపుతాడు. సైట్‌లో పెయింట్ కింద అది చెల్లిపోవచ్చు. పోటీలో చెల్లదు. నిర్ణేత కన్ను మొదట పడేదే ఆ అతుకు మీద.

సరైన పని ఏది? బయటికి తీయాలి. భుజం మీద చిన్న మూలమట్టం పెట్టి వెలుగుకు ఎదురుగా చూడాలి. తొంభై పాళ్లు భుజం మధ్యలో, లోపలివైపు, ఉలి వదిలేసిన చిన్న ఉబ్బు కనిపిస్తుంది. బయటి గీత ముట్టుకోకుండా ఆ ఉబ్బును మాత్రం రెండు పలుచని పొరలుగా తీస్తే సందు మూసుకుంటుంది. దెబ్బ వేయడానికి ముందు కారణం వెతకడం అలవాటైతే సగం జాయింట్లు వాటంతటవే దారికొస్తాయి.

7. గడియారాన్ని మొదటి నెలలోనే తేవద్దు

మొదట నాణ్యత, తర్వాత వేగం. చేతికి సరైన పద్ధతి పట్టకముందే గడియారం పెడితే తప్పులు వేగంగా చేయడం నేర్చుకుంటారు. పద్ధతి కుదిరాక మాత్రం గడియారం లేకుండా ఒక్క రోజూ పని చేయించకండి.

ఆరు గంటల ప్రాక్టీస్ పనిని ఇలా విడగొట్టి చూడండి:

డ్రాయింగ్ చదవడం, అసలు సైజులో వేయడం: 1 గంట
కర్ర మీద గీతలు: 45 నిమిషాలు
కోతలు, జాయింట్లు: 2 గంటల 30 నిమిషాలు
విడిగా బిగించి చూడటం, చివరి బిగింపు: 1 గంట
ఫినిషింగ్: 30 నిమిషాలు
చేతిలో మిగులు: 15 నిమిషాలు

ఈ కాగితం బెంచ్ మీద అతికించాలి. ప్రతి దశ అయ్యాక అసలు పట్టిన సమయం పక్కన రాసుకోవాలి. వారం తర్వాత చూస్తే విద్యార్థికే తెలుస్తుంది: కోతలో వెనకబడటం లేదు, పనిముట్టు వెతుక్కోవడంలో వెనకబడుతున్నాడు! అప్పుడు బెంచ్ మీద ప్రతి పనిముట్టుకూ ఒక చోటు పెట్టమంటే మారుమాట్లాడడు.

వరల్డ్ స్కిల్స్‌లో పోటీ నాలుగు రోజుల పాటు సాగుతుంది, గరిష్ఠంగా 22 గంటల పని. రాత్రి నిద్రపోయి మర్నాడు మళ్లీ అదే పనికి రావాలి. కాబట్టి నెలకొకసారైనా రెండు మూడు రోజులు వరసగా నడిచే ప్రాజెక్టు ఇవ్వండి. మొదటి రోజు చెడిన మనసుతో రెండో రోజు బెంచ్ దగ్గరికి రావడం కూడా నేర్చుకోవాల్సిన పనే.

8. పొరపాట్లకూ ప్రాక్టీస్ కావాలి

ప్రతిసారీ అన్నీ సవ్యంగా జరిగే ప్రాక్టీస్ ఎవరికి పనికొస్తుంది? ఎదురుచూడని ఇబ్బందులు మీరే కల్పించండి.

ఒక ముక్క 5 మిల్లీమీటర్లు పొట్టిగా కోసి చేతికివ్వండి. “ఇప్పుడేం చేస్తావు?” అనండి. కొత్త ముక్క అడిగితే మార్కులు ఎన్ని పోతాయి, ఉన్నదానితో సర్దితే ఎన్ని పోతాయి, లెక్క వేసి నిర్ణయం తీసుకోవాలి. దానికి మూడు నిమిషాలే గడువు.

ఫ్రేమ్ బిగించాక ఐమూల కొలతలు రెండూ కొలవమనండి. రెంటికీ 2 మిల్లీమీటర్ల తేడా వచ్చిందనుకోండి, గాభరా పడక్కర్లేదు. జిగురు ఆరకముందే క్లాంప్‌ను ఎక్కువ ఉన్న ఐమూల వైపుకు కాస్త ఏటవాలుగా జరిపి బిగిస్తే ఫ్రేమ్ మూలమట్టానికి వస్తుంది. ఇది ఒకసారి చేసి చూసినవాడికి పోటీ రోజున చెయ్యి వణకదు.

మరో రోజు మిషన్ కరెంటు తీసేసి చేతిరంపంతో ముగించమనండి. ఇంకో రోజు నలుగురు అపరిచితులను పిలిచి బెంచ్ చుట్టూ నిలబెట్టండి. జనం చూస్తుంటే గీత గీయడం వేరే అనుభవం. 2024 మేలో ఇండియా స్కిల్స్ జాతీయ పోటీ జరిగిన ఢిల్లీ ద్వారకలోని యశోభూమి లాంటి పెద్ద హాల్లో, చుట్టూ రకరకాల విభాగాల చప్పుడు మధ్య పని చేయాలి. నిశ్శబ్దంగా ఉండే మీ షెడ్డు దానికి తయారుచేయదు.

9. తెలియని డ్రాయింగ్‌తో స్నేహం చేయించండి

ఒకే ప్రాజెక్టును పదేపదే చేయిస్తే విద్యార్థి ఆ ప్రాజెక్టులో నిపుణుడవుతాడు. వరల్డ్ స్కిల్స్‌లో ముందుగా ప్రాజెక్టు ఇచ్చే విభాగాల్లో కూడా పోటీకి ముందు మార్పులు చేస్తారు. చేతులకు కంఠస్థం అయిన పని అక్కడ అడ్డం తిరుగుతుంది.

వారానికొకసారి కొత్త డ్రాయింగ్ ఇవ్వండి. ఇరవై నిమిషాలు పనిముట్టు ముట్టుకోకూడదు. మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాయాలి: ముక్కలెన్ని? ఏ ముక్క తప్పితే తిరిగి చేయడం కష్టం? ఏది ముందు బిగించాలి, ఏది తర్వాత? ఈ మూడూ రాయగలిగితే డ్రాయింగ్ చదివినట్టే. పాత డ్రాయింగులకు మీరే ఒక కోణమో, ఒక కొలతో మార్చి ఇచ్చినా చాలు.

10. మీ చేతులు వెనక్కి కట్టుకోండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ఇది విద్యార్థికి కాదు, మీకు.

అతను తప్పు గీస్తుంటాడు. మీకు కనిపిస్తుంది. నోరు ఊరుకోదు, చెయ్యి ముందుకొస్తుంది. ఆగండి. ప్రమాదం జరిగే తప్పయితే వెంటనే ఆపండి. కర్ర పాడయ్యే తప్పయితే పాడు కానివ్వండి. పైన్ ముక్క ఖరీదు కంటే అతను సొంతంగా పట్టుకున్న తప్పు ఖరీదెక్కువ.

ఇక మాటల సంగతి. “సరిపోయిందా సార్?” అని అడిగితే అవునో కాదో చెప్పకండి. ఇలా సాగనివ్వండి:

“నువ్వే చెప్పు, సరిపోయిందా?”

“సరిపోయిందనిపిస్తోంది సార్.”

“అనిపించడం కాదు. దేంతో చూశావు?”

“మూలమట్టంతో సార్.”

“ఎన్ని చోట్ల?”

“ఒక్క చోటే... ఆగండి సార్, అవతలి వైపు కూడా చూస్తా.”

చూశారా? మీరు జవాబు చెప్పలేదు. అయినా తప్పు దొరికింది. ఇలా నెల రోజులు నడిస్తే అతను మిమ్మల్ని అడగడం తగ్గిపోతుంది. ఆ ప్రశ్నలు తనలో తనే వేసుకోవడం మొదలవుతుంది. మీరు మనసు కష్టపెట్టుకోకండి. అతను మీకు దూరం కావడం లేదు. మీరు నేర్పినది అతనిదవుతోంది.

మెచ్చుకునేటప్పుడు కూడా “సూపర్‌రా” అని వదిలేయకండి. “భుజం గీత ఈసారి కత్తితో గీశావు, అందుకే సందు రాలేదు” అనండి. ఏది మళ్లీ చేయాలో అప్పుడు తెలుస్తుంది.

11. భద్రత మార్కుల కోసం కాదు

కళ్లద్దాలు, బూట్లు, చెవులకు రక్షణ మొదటి రోజు నుంచీ ఉండాలి. పోటీ వారంలో కొత్తగా పెట్టిస్తే అద్దాలు మసకేస్తున్నాయని తీసి పక్కన పెడతారు. ఉలి ముందు ఎప్పుడూ చెయ్యి ఉండకూడదు. ముక్కను వైస్‌లోనో క్లాంప్‌తోనో బిగించకుండా ఉలి పట్టకూడదు. మిషన్ బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్ తీసేయాలి. ఒక వేలు తెగితే పతకంతో పాటు బతుకుతెరువూ ఆగుతుంది. ఈ విషయంలో మీరు కఠినంగా ఉన్నా తప్పులేదు.

12. చివరి వారం

కొత్తవి నేర్పడం ఆపండి. పనిముట్ల పెట్టె జాబితా రాయించి విద్యార్థి చేతే సర్దించండి. మీరు సర్దితే అక్కడ ఏది ఎక్కడుందో అతనికి తెలియదు. నిబంధనల్లో అనుమతి లేని పనిముట్లు ఉన్నాయేమో ఒక్కొక్కటీ సరిచూడండి. స్టీల్ స్కేలు, మూలమట్టం రెండేసి ఉంటే మంచిది. మూలమట్టాన్ని ఒక గీత గీసి, తిప్పి అదే చోట ఇంకో గీత గీసి పరీక్షించాలి. రెండు గీతలూ కలవకపోతే ఆ మట్టాన్ని నమ్మడానికి లేదు.

కోస్తా ఊరి నుంచి పొడి వాతావరణం ఉన్న ఊరికి వెళ్తే కర్ర అడ్డంగా కాస్త కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు మారదు. ఉదయం బిగువుగా ఉన్న టెనన్ సాయంత్రానికి వదులు కావచ్చు. కోసిన జాయింట్లను ఫ్యాన్ గాలికీ ఎండకీ వదిలేయకుండా కప్పి ఉంచమనండి, ఎక్కువసేపు ఆగకుండా బిగించమనండి.

రాత్రి నిద్ర, అలవాటైన తిండి, మంచినీళ్లు. ఇంట్లోవాళ్లతో కూడా ఒక మాట చెప్పండి: “పతకం తెస్తావా?” అని అడగొద్దు, “నీ పని నువ్వు చూసుకుని రా” అంటే చాలు.

శిక్షకులు తరచూ చేసే పొరపాట్లు

ఒకే విద్యార్థి మీద ఆశ పెట్టుకోవడం. ఇద్దరు ముగ్గురిని కలిపి తయారుచేయండి. ఒకరి పనికి ఇంకొకరు మార్కులు వేస్తే ఇద్దరి కన్నూ పదునెక్కుతుంది.

ప్రదర్శనకు పెట్టే ముక్క మీద తుది మెరుగులు మీరే దిద్దడం. ఆ ముక్క మీ పేరు నిలబెడుతుంది, విద్యార్థికి మాత్రం ఏమీ ఇవ్వదు.

పాడైన జాయింట్లను పారేయడం. వాటి మీద తేదీ, తప్పు రాసి అలమరాలో ఉంచండి. మూడు నెలల తర్వాత వరసగా పేర్చి చూపిస్తే, తను ఎంత దూరం వచ్చాడో మీరు ఉపన్యాసం ఇవ్వకుండానే తెలుస్తుంది.

ఓడిపోయి వచ్చిన రోజే తప్పులు ఎంచడం. ఒక రోజు ఆగండి. తర్వాత మార్కుల పత్రం ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి చదవండి. వచ్చే ఏడాది తయారీ ఆ కాగితంతోనే మొదలవుతుంది.

పతకం అందరికీ రాదు. కానీ గీత గీసి తనే సరిచూసుకునే కుర్రాడికి, తప్పును దాచకుండా సరిదిద్దే అమ్మాయికి పని వెతుక్కుంటూ వస్తుంది. ఇంటి యజమాని లేని ఇంట్లో, మేస్త్రీ లేని సైట్‌లో కూడా వాళ్ల జాయింట్ ఒకేలా ఉంటుంది. మీరిచ్చే అసలు శిక్షణ అదే.

ఈ వారం ఇంత చేయండి. ఒక పాత డ్రాయింగ్, ఒక మార్కుల పత్రం, రెండు పైన్ ముక్కలు సిద్ధం చేయండి. విద్యార్థిని పిలిచి హాఫ్ ల్యాప్ ఒకటి చేయమనండి. పని మధ్యలో అతను మీ వైపు ఎన్నిసార్లు చూశాడో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. ప్రతి వారం అదే పరీక్ష పెట్టండి. ఆ గీతలు తగ్గుతున్నాయంటే మీ తయారీ సరైన దారిలో ఉన్నట్టే.